ముందు మంచినీటి వేళ్లను చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పురుగుమందు కలిసిన నీరు మొక్క కణాలను ఏం చేస్తుందో చూడాలని పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. మందు స్లైడుల జోలికి వెళ్లే ముందు, శుద్ధజలంలో పెరిగిన ఉల్లి వేళ్లను కొన్నాళ్లు చూడు. ఆరోగ్యంగా విభజన చెందే కణం కంటికి అలవాటు కాకపోతే, స్లైడు నొక్కేటప్పుడు చెదిరిన క్రోమోజోములు కూడా విషప్రభావంలాగే కనిపిస్తాయి.

ఉల్లిని ఎంచుకోవడం మంచిదే. దానికి 16 క్రోమోజోములే, అవీ పెద్దవి. 1938లో శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్, కణ విభజనను అడ్డుకునే కొల్చిసిన్ అనే పదార్థం ప్రభావాన్ని వివరించింది ఈ వేళ్లలోనే. కాని గడ్డలు ఎలా నిల్వ చేసినవో కనుక్కో. మొలకెత్తకుండా మలెయిక్ హైడ్రజైడ్ చల్లిన పంట నీకు పనికిరాదు. ఆ మందే క్రోమోజోములను విరిచే గుణం కలది.

నేను తొలి రోజుల్లో ఒక లోహ లవణం విభజనను బాగా తగ్గించిందని నమ్మాను. ద్రావణం ఎంత ఆమ్లంగా ఉందో కొలవలేదు. తర్వాత అదే పీహెచ్, అంటే అంతే ఆమ్లత, ఉన్న మామూలు నీటిలో వేళ్లు పెడితే అక్కడా విభజన తగ్గింది. నెలల పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. నువ్వు ప్రతి ద్రావణం పీహెచ్ రాసుకో.

వేరు కొనలను మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చు. స్లైడుల మీద గుర్తులు మరొకరి చేత వేయించు. ఏది మందుదో తెలిస్తే కన్ను పక్షపాతం చూపుతుంది. విభజన చెందే కణాలు నూటికి ఎన్నో లెక్కించడంతో ఆగకు. క్రోమోజోములు రెండు కొసలకు విడిపోయే చలన దశలో వాటి మధ్య వంతెనలు, తునకలు కనిపిస్తే క్రోమోజోములు విరిగాయని అర్థం. కణం నడుమ వరుసగా నిలవాల్సిన మధ్యస్థ దశలో అవి చెల్లాచెదురుగా ఉంటే, వాటిని లాగే కండె పోగులు దెబ్బతిన్నాయని అర్థం. ఈ రెండూ వేరు వేరు గాయాలు, ఒకే గడిలో రాయవద్దు.

పుప్పొడి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. విచ్చిన పువ్వు మీద మందు చల్లి, ఆ పుప్పొడిలో క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే విభజన) లోపాలు వెదికితే ఏమీ దొరకదు. ఆ విభజన లేత మొగ్గలోనే ముగిసిపోతుంది. అందుకే వివిధ పరిమాణాల మొగ్గలు కోసి, పరాగకోశాలను విప్పి చూడు. ఎసిటోకార్మిన్ అనే రంగులో ఎర్రగా, నిండుగా కనిపించే రేణువులన్నీ బతికున్నవని అనుకోకు. చనిపోయిన రేణువు కూడా రంగు పట్టవచ్చు. చక్కెర, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో పరాగనాళం సాగుతుందా అని తప్పక చూడు. రేణువులు ముడుచుకుపోయినంత మాత్రాన క్రోమోజోములనే తప్పు పట్టవద్దు. వాటికి ఆహారమిచ్చే టపెటం పొర చెడినా అవి అలాగే ఎండిపోతాయి.

శుద్ధజలం స్లైడుల లెక్క పూర్తి కాగానే నాకు పంపు. వంతెనలు ఎన్ని కనిపించాయో కూడా రాయి. ఆరోగ్యమైన వేళ్లలోనూ అరుదుగా ఒకటి రెండు ఉంటాయి. వేల కణాలు చూసినా ఒక్కటీ లేదంటే, మళ్లీ కూర్చుని చూడమంటాను.