అల్లుడూ, ఆ నల్ల రైఫిల్ కొనే ముందు

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా. అది లీవర్ రైఫిలే, అంటే ట్రిగ్గర్ కింద ఉండే ఇనుప పిడిని కిందకీ పైకీ ఆడిస్తే తూటా లోపలికి ఎక్కేది, కానీ కర్ర అన్నది ఎక్కడా లేదు. భుజానికి ఆనించే నల్ల ప్లాస్టిక్ స్టాక్, ముందంతా సామాన్లు బిగించే ఎమ్-లాక్ కన్నాలు, పైన స్కోప్ లాంటివి తగిలించే బారెడు రెయిల్, గొట్టం చివర చప్పుడు తగ్గించే సప్రెసర్ బిగించడానికి మరలు. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ నువ్వు కొంటున్నది పెన్సిల్వేనియా అడవిలో డీర్ సీజన్‌కి, ఆ సంగతి పక్కనపెట్టి షాపు గోడ మీద ఏది మెరుస్తుందో అదే చూస్తున్నావేమోనని నా భయం.

ముందు ఒక ముఖ్యమైన మాట. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి సరే. నీ రూమ్మేట్ ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడన్నావు కదా, అలా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. లాయర్ని అడక్కుండా నీ రైఫిల్ అతని చేతికి ఇవ్వకు, సరదాకి కూడా.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా పక్కింటి పెద్దాయన, స్టీల్ మిల్లులో చేసి రిటైరైనాయన, నన్ను మొదటిసారి అడవికి తీసుకెళ్ళాడు. ఆయనది వించెస్టర్ 94. జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1894లో వచ్చింది, మరుసటి ఏడాది థర్టీ-థర్టీ తూటా దానికి తోడైంది, ఇప్పటికి 70 లక్షలకు పైగా తయారయ్యాయి. ఆయన రైఫిల్‌కి లీవర్‌కి కాస్త ముందు, నడుమనుండే ఇనుప భాగం మీద నల్లరంగంతా అరిగిపోయి వెండిలా మెరిసేది. ఎందుకలా అయిందని అడిగితే జవాబు చెప్పకుండా, ఖాళీ చేసి చూపించి నా చేతిలో పెట్టాడు. నా చెయ్యి దానంతట అదే వెళ్ళి ఆ మెరిసే చోటునే పట్టుకుంది! బరువంతా సరిగ్గా అక్కడ తూగుతుంది, పలచగా చదునుగా ఉంటుంది కాబట్టి వేళ్ళు చుట్టూ తిరిగొస్తాయి, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒంటిచేత్తో మోసినా మణికట్టు లాగదు. ఏళ్ళ తరబడి ఆయన అరచెయ్యి పెట్టిన మచ్చ అది.

ఇప్పుడు నీ ఫోటో తీసి చూడు. సరిగ్గా ఆ చోటు మీదే పెద్ద స్కోప్ కూర్చుంది, వేళ్ళు పట్టే సందే లేదు. ముందు టార్చిలైటు, కింద రెండుకాళ్ళ స్టాండు. ఏడు పౌన్ల అటూ ఇటూ ఉండాల్సింది తొమ్మిదో పదో అవుతుంది, ఆ బరువూ ముందుకే లాగుతుంది. రాత్రి ఇంటి కాపలాకైతే టార్చి అర్థం ఉంది, డీర్‌ని పగలే కొడతాం కదా.

అలాగని కొత్తదంతా పనికిమాలినదని నేననను. వానలో ప్లాస్టిక్ స్టాక్ ఉబ్బదు. సప్రెసర్ చెవుల్ని కాపాడుతుంది, మా తరంవాళ్ళలో సగంమందికి చెవులు ఎందుకు పోయాయో నాకు తెలుసు. గ్లోవ్స్ వేసుకునేవాడికి కొంచెం పెద్ద లీవర్ రింగు నిజంగా సుఖం. నేను కూడా నలభై దాటాక కళ్ళు మందగించి నా లీవర్ రైఫిల్ మార్లిన్ 336కి, గురి చూడ్డానికి చిన్న కన్నం ఉండే పీప్ సైట్ పెట్టించుకున్నా. అది మోసే చోటుకి అడ్డు రాదు, అదే నా కొలత. చేత్తో మోసే వీలు పోగొట్టే వస్తువేదైనా, ఎంత ఖరీదైనదైనా, వద్దు.

థర్టీ-థర్టీ చాలు నీకు. 150 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) తూటా సెకనుకి సుమారు 2,390 అడుగుల వేగంతో పోతుంది, 150 గజాల దాకా దానిమీద నమ్మకం పెట్టొచ్చు, మన చెట్ల మధ్య నేను కొట్టినవన్నీ నూరు గజాల లోపే. ఒహాయోలో మాత్రం డీర్‌కి థర్టీ-థర్టీ ఒప్పుకోరు, అక్కడ గుల్ల మెడ దగ్గర సన్నబడకుండా తిన్నగా ఉండే తూటాలే, అంటే .45-70 లాంటివి. అటు వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంకోటి, ఈ రైఫిళ్ళలో తూటాలు నింపే గొట్టం కింద ఉంటుంది, అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌ని, అంటే దెబ్బ తగిలితే పేలే అడుగు భాగాన్ని, తాకుతుంది. అందుకే మామూలు మొనదేలిన తూటాలు ఎప్పుడూ వెయ్యకు, ముక్కు చదునుగా ఉన్నవో, హార్నడీ అనే తూటాల కంపెనీవాళ్ళ మెత్తటి రబ్బరులాంటి మొన ఉన్నవో తీసుకో.

పాతదే కొంటానంటే మార్లిన్ 336 చూడు, 1948 నుంచి ఉంది. ఖాళీ గుల్లలు పక్కకి పోతాయి కాబట్టి రేపు చిన్న స్కోప్ కావాలన్నా సులువు. 2020లో మార్లిన్ కంపెనీ రూగర్ అనే ఇంకో తుపాకుల కంపెనీ చేతికి వచ్చింది, కొత్తవాటిలో కర్రదీ ఉంది, నల్లదీ ఉంది. ఏ ఏడాదిదైనా లీవర్ పదిసార్లు ఆడించి, కర్రకీ ఇనుముకీ మధ్య సందు ఉందేమో గోరు పెట్టి చూశాకే డబ్బులు తియ్యి.

అసలు నేను ఇంత రాసింది హ్యామర్ గురించి, అంటే వెనక బొటనవేలితో ఎక్కుపెట్టే సుత్తి. పేల్చకుండా దాన్ని దించాలంటే బొటనవేలితో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి మెల్లగా వదలాలి. మూడో సీజన్లో, చలికి బొటనవేలు మొద్దుబారి, తూటా లోపలుండగా హ్యామర్ దించబోతే జారింది. ట్రిగ్గర్ నొక్కిపట్టే ఉంచాను, అదే నా తప్పు. పేలింది. మూతి నేలవైపు ఉంది కాబట్టి మట్టి ఎగిరింది, రెండడుగుల దూరంలో పెద్దాయన బూటు. ఆయన ఒక్క మాట అనలేదు, నేను మాత్రం ఆ రోజంతా వణుకుతూనే ఉన్నా. హ్యామర్ కాస్త కదలగానే ట్రిగ్గర్ వదిలెయ్యాలి, అప్పుడు బొటనవేలు జారినా సగంలో ఉండే గాడి పట్టుకుంటుంది. రైఫిల్ మీద ఎన్ని వస్తువులు బిగించినా ఈ పని మాత్రం నీ వేలే చెయ్యాలి.

సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం మొదలు. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చెయ్యకుండా లైసెన్సు రాదు, ఇప్పుడే పేరివ్వు. నారింజ రంగు జాకెట్టూ టోపీ తప్పనిసరి. కారులో తూటాలున్న రైఫిల్ పెట్టకూడదు.

ఈ శనివారం కాల్పులు సాధన చేసే రేంజ్‌కి రా. ఆ షాపువాడిని ఏమీ తగిలించని మామూలు లీవర్ రైఫిల్ ఒకటి అడిగి చేత్తో పట్టుకుని చూసి మరీ రా, తర్వాత నా 336 పట్టుకుందువు గాని. చలికాలం గ్లోవ్స్ తెచ్చుకో, డమ్మీ తూటాలు నా దగ్గరున్నాయి, హ్యామర్ దించడం వాటితోనే మొదలుపెడదాం.

మీ మావయ్య