ఆ 58 మందిలో మీ వదిన ఎందుకు లేదు?

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఎనిమిది కీమోల్లో నాలుగు పూర్తయ్యాయి. ఖమ్మంలో అన్నయ్య దగ్గర ఉంటుంది. 21 రోజులకోసారి హైదరాబాద్ తీసుకెళ్లాలి. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. బంధువులతో వాట్సాప్ గ్రూప్ పెట్టాను, 58 మంది ఉన్నారు. దండాలు, దేవుడి ఫొటోలే తప్ప మేనమామలు కూడా కదలడం లేదు. వదినేమో దసరాకి అమ్మని వదిలేసి మూడు రోజులు పుట్టింటికి వెళ్లింది. పప్పులో పోపు కూడా వేయకుండా వండుతోంది. నేను నెట్‌లో చూసి పంపిన డైట్ చార్టులోని గోధుమగడ్డి రసం అమ్మకి ఇవ్వడం లేదు. అందరినీ అమ్మకి అండగా నిలబెట్టడం ఎలా?

జవాబు: మీ ఉత్తరాన్ని బాగా కుదించి వేశాం. అసలుది నాలుగు పేజీలు. అందులో మేనమామలకి నాలుగు వాక్యాలు, వదిన దసరా ప్రయాణానికి పేజీన్నర. గ్రూపులో ఎవరెవరున్నారో వరసలతో సహా రాశారు, అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు దాకా. రెండుసార్లు వెతికాను. వదిన పేరు లేదు.

ముందు మీరు అడిగింది తేల్చేద్దాం. చుట్టాలు రావడం లేదని బాధపడకండి. కీమో అయిన వారం నుంచి రెండు వారాల లోపు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు దగ్గులూ జలుబులూ వేసుకుని పరామర్శకి దిగకపోవడమే వాళ్లు చేసే మేలు. గ్రూపులో అందరికీ కలిపి మొరపెట్టుకుంటే ఎవరూ పలకరు. పెద్ద మామయ్యకి ఫోన్ చేసి ‘ఫలానా తేదీన అమ్మకి తోడుగా హైదరాబాద్ వెళ్లు’ అని చెప్పండి. రైల్లో అయితే, ఆస్పత్రి వాళ్లు రైల్వే ఫారంలో సర్టిఫికెట్ ఇస్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో అమ్మకి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. కుర్రాళ్ల బ్లడ్ గ్రూపులు, చివరిసారి రక్తం ఎప్పుడిచ్చారో రాసి పెట్టుకోండి. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి నిల్వ ఉండవు, అప్పటికప్పుడు మనిషి దొరకాలి. ఇంతే, ఇక్కడితో మామయ్యల సంగతి అయిపోయింది.

ఇప్పుడు ఆ పోపు సంగతి. కీమో నడుస్తున్న మనిషికి నూనె కాగే వాసనకే కడుపులో తిప్పేస్తుంది. ఆవాలు చిటపటలాడితే చాలు, పక్కగదిలోంచి బేసిన్ కోసం కేక వినపడుతుంది. పోపు లేకుండా వండాలని మీ వదినకి ఏ వీడియో చెప్పలేదు, మీ అమ్మ వాంతులు ఎత్తిపోస్తూ నేర్చుకుంది. స్టీలు చెంచా పెడితే ఇనుము నమిలినట్టుందని అంటే ప్లాస్టిక్ చెంచా ఇవ్వాలని, నోరు పూసిన రోజుల్లో రాగిజావ చల్లార్చి పట్టాలని కూడా ఆమెకి తెలిసే ఉంటుంది. మీరెప్పుడైనా అడిగారా? పచ్చి గోధుమగడ్డి రసం డాక్టర్‌ని అడగకుండా పట్టించకపోవడం కూడా మంచి పనే. ఆ డైట్ చార్టు తీసుకెళ్లి ముందు డాక్టర్‌కి చూపించండి.

నాకు కోపం రావడానికి కారణం ఉంది, దాచను. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు పదకొండు నెలలు నేనే చూశాను. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పీ విప్పకముందే ఫ్రిజ్ తెరిచి చూసేది. ‘పెరుగు పుల్లగా ఉందే’ అనేది. చెడ్డమనిషి కాదు. తల్లి మీద బెంగ, తను దగ్గర లేనన్న బాధ, రెండూ కలిసి ఆ పెరుగు మీద పడేవి. మీది కూడా అదేనని నా అనుమానం.

ఇంకో మాట. నాలుగు పేజీల్లో మీ అన్నయ్య ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క లేదు. కొడుకు చేయకపోతే ‘పాపం, పని ఒత్తిడి’. కోడలు మూడు రోజులు కన్నతల్లిని చూసొస్తే నేరం. ఆపరేషన్ నుంచి లెక్కేసినా దాదాపు మూడు నెలలై ఉంటుంది. అందులో మూడు రోజులు! నాకైతే ఇంత తక్కువ వెళ్లిందేమిటా అనిపించింది. అమ్మకి సేవ చేయాల్సిన బాధ్యత ముందు కన్నబిడ్డలది. కోడలు చేస్తోందంటే అది ఆమె మంచితనం. మీరు బాకీ పడ్డట్టు.

ఈ వారం వదినకి ఫోన్ చేయండి, అమ్మ ఎలా ఉందని అడగడానికి కాదు. ‘నీకు నిద్ర పడుతోందా వదినా, ఏ రోజులు కష్టంగా ఉంటున్నాయి’ అని అడగండి. మొదట్లో పొడిపొడిగా మాట్లాడుతుంది, ఓర్చుకోండి. వచ్చే కీమోకి రెండు రోజుల ముందే సెలవు పెట్టి వెళ్లి వారం ఉండండి. వంటింట్లో ఆమె చెప్పినట్టు చేయండి, అక్కడ పెత్తనం ఆమెది. రాత్రిళ్లు అమ్మ పక్కన మీరు పడుకోండి, ఒక రాత్రి అన్నయ్యని పడుకోమనండి. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలని ఇద్దరికీ తెలియాలి.

ఆ వారంలోనే వదినకి పుట్టింటికి టికెట్ మీరే తీసివ్వండి. ఇక గ్రూపు అంటారా, ఆమెని అడగకుండా అందులో చేర్చకండి. ఆ దేవుడి ఫొటోలన్నీ చూసే తీరిక ఆమెకి ఉండాలిగా!