కూలిన కట్టడాలు, కంప్యూటర్ నమూనాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 1985లో కాలిపోయిన చెన్నై మూర్ మార్కెట్‌ను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ కడుతున్నాను. కొన్ని పాత పోస్టుకార్డులు, సర్వే మ్యాపు నకలు ఒకటి ఉన్నాయి. ఫోటోను బట్టి కెమెరా ఎక్కడుందో లెక్కగట్టే ఎఫ్‌స్పైలో ఫోటో సరిచూస్తే ముందు గోడ కుదురుతోంది, పక్క గోడ వంకరపోతోంది. తప్పెక్కడ?
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, పెరంబూరు

జవాబు: మీరు గీసిన గీతల్లో తప్పు ఉండకపోవచ్చు. లెన్సు అక్షం బొమ్మకు సరిగ్గా మధ్యలోంచి పోయిందని ఎఫ్‌స్పై అనుకుంటుంది. పోస్టుకార్డు విషయంలో అలా అనుకోవడానికి లేదు. కార్డు సైజుకు పట్టాలని అచ్చువాళ్లు ఓ పక్క కత్తిరించి ఉంటారు. పైగా ఆనాటి పెద్ద ప్లేటు (ఫిల్ముకు బదులు గాజు పలక వాడే) కెమెరాలతో భవనం నిటారుగా రావాలంటే, కెమెరాను పైకి వంచకుండా లెన్సును మాత్రమే పైకి జరిపేవారు.

ముందు ఫోటోలో నిలువు అంచులు సమాంతరంగా ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఒక్కో గోడ అడ్డగీతలను విడిగా పొడిగించి అవి కలిసే బిందువును, అలా రెండు గోడలకు రెండు బిందువులను పట్టుకోండి. ఆ రెంటినీ కలిపే గీతే క్షితిజరేఖ. అక్షం ఆ ఎత్తులోనే పోయి ఉంటుంది. ఎఫ్‌స్పైలో ప్రిన్సిపల్ పాయింట్‌ను (అక్షం బొమ్మను తాకే బిందువును) మాన్యువల్‌గా మార్చి ఆ గీత మీదికి తీసుకురండి. పక్కలు కత్తిరించని ప్రతి దొరికితే అడ్డంగా మధ్యలోనే ఉంచవచ్చు. దొరకకపోతే పక్క గోడ కుదిరేదాకా ఆ గీత వెంబడే జరపాలి.

ఒక్క ఫోటో నిష్పత్తులనే ఇస్తుంది, కొలత ఇవ్వదు. కొలత మ్యాపు నుంచి రావాలి. అందులో దూరాలు పాత సర్వే గొలుసు లింకుల్లో ఉంటే 100 లింకులకు 66 అడుగులు, అంటే లింకు సుమారు 20.1 సెంటీమీటర్లు. పాత కాగితం నిలువుకీ అడ్డానికీ ఒకేలా కుంచించుకుపోదు కాబట్టి స్కాన్‌ను రెండు దిక్కుల్లోనూ విడివిడిగా సరిచేయాలి. పక్కనే నిలిచి ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు, సెంట్రల్ స్టేషన్ కొలతలతో పోల్చండి. 1913కి ముందు మ్యాపయితే రిప్పన్ భవనం కోసం వెతక్కండి, అప్పటికది పూర్తికాలేదు. ఇటుక వరసలు కనబడే చోట ఎత్తుకు మరో ఆధారం దొరుకుతుంది. ఒక్క వరసను కొలిస్తే నమ్మలేం, పది వరసలు కొలిచి సగటు తీయండి.

నమూనా అయ్యాక, దాన్ని కట్టడానికి వాడని మరో ఫోటోలో పెట్టి చూడండి. వాడిన ఫోటోలో కుదరడం పరీక్ష కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏ సంవత్సరపు మూర్ మార్కెట్టో ముందే తేల్చుకోండి. 1900లో తెరిచిన మార్కెట్‌కు 85 ఏళ్ళలో ఎన్నో పందిళ్లు, బోర్డులు, అడ్డగోడలు వచ్చి చేరతాయి. వేర్వేరు కాలాల కార్డులు కలిపితే ఏనాడూ లేని భవనం తయారవుతుంది. ప్రతి భాగానికీ రంగు ఇవ్వండి: కొలిచింది, ఫోటోలో చూసింది, సాటి కట్టడాల నుంచి తీసుకున్నది, ఊహించింది. పాత కట్టడాల కంప్యూటర్ నమూనాలకు మార్గదర్శకమైన 2009 నాటి లండన్ చార్టర్ కోరేదీ ఇదే, ఆధారమేదో ఊహ ఏదో చూసేవాళ్లకు తెలియాలని. ఊహించిన శిల్పాన్ని తళతళలాడేలా రెండర్ చేసి నిజంలా చూపించడం ఆ భవనానికి చేసే అన్యాయం.

ప్రశ్న: నలుపు తెలుపు ఫోటోకు ఏఐ వేసే రంగులను నమ్మవచ్చా?
– పాఠకుడు, టి.నగర్

జవాబు: వద్దు. పాత ప్లేట్లకు ఎరుపు అందేది కాదు. ఎర్ర ఇటుక దాదాపు నల్లగా, నీలం తలుపు తెల్లగా పడేవి. రంగు కావాలంటే మిగిలిన ముక్కల మీది సున్నపు పొరలు చూడాలి.

ప్రశ్న: సౌకార్‌పేటలో మా పాత మండువా ఇల్లు వచ్చే నెల కూలగొడుతున్నారు. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. ఎలా దాచుకోవాలి?
– పాఠకుడు, జార్జ్ టౌన్

జవాబు: ఫోను చాలు. ఇల్లంతా ఫోటోలు తీస్తే వాటిని సాఫ్ట్‌వేర్‌తో కలిపి త్రీడీ నమూనా చేసుకోవచ్చు. వైడ్ లెన్సు వాడకండి, కెమెరాలో వెలుతురు (ఎక్స్‌పోజర్) మారకుండా లాక్ చేయండి, మండువాలోకి ఎండ దిగకముందే మొదలుపెట్టండి. ఒక్కో ఫోటో ముందుదానితో 70–80 శాతం కలవాలి. నిలుచున్నచోటే తిరుగుతూ తీస్తే లోతు రాదు, ప్రతిసారీ అడుగు పక్కకు వేయండి. తెల్ల సున్నం గోడ మీద సాఫ్ట్‌వేర్‌కు గుర్తు దొరకదు, కాబట్టి వార్తాపత్రిక ముక్కలు అక్కడక్కడా అంటించండి. గుమ్మం దాటేటప్పుడు తొందరపడకండి. అక్కడ ఇటు నుంచి అటుదాకా అడుగుకో ఫోటో లేకపోతే గదులు విడివిడిగా తేలిపోతాయి.

మీటరు పొడవు కర్రలు రెండు వేర్వేరు గదుల్లో నేల మీద పెట్టండి. ఒకటి కొలతకు, రెండోది సరిచూడటానికి. మండువా మూలమూలల కొలత స్టీలు టేపుతో వేరుగా రాసుకోండి. ఫోటోలను మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలపవచ్చు. అది ఉచితమే, కానీ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ చూసుకోండి.

ఇక, కూలగొట్టే రోజు తప్పకుండా వెళ్లండి. ఇల్లు నిలిచున్నప్పుడు కనబడనివి ఆ రోజే బయటపడతాయి. పైకప్పు మద్రాస్ టెర్రస్ అయితే టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువంచున, దూలాలకు ఐమూలగా పేర్చి సున్నంతో కట్టి ఉంటారు. తెగిన అంచు పక్కన టేపు పెట్టి, క్షేమమైన దూరం నుంచి ఫోటో తీయండి. దూలం లావు, దూలానికీ దూలానికీ ఎడం, పైన వేసిన సున్నపు కాంక్రీటు మందం, గోడ మందం వరసగా రాసుకోండి. ఒక ఇటుకను ఇంటికి తెచ్చుకుంటే మూడు వైపులా కొలవవచ్చు.