పాత ఎస్టీమ్‌కి ఫ్యాన్ బెల్ట్ దొరకట్లేదా?

మీ 1999 మారుతి ఎస్టీమ్ కారుకి ఫ్యాన్ బెల్ట్, ఏసీ బెల్ట్ గుంటూరులో దొరకలేదని, "ఆ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది" అని షాపుల వాళ్ళు తిప్పి పంపుతున్నారని రాశారు. బండి ఆగిపోయినా బెల్ట్ ఆగిపోలేదండీ. మా నాన్నగారి ఎస్టీమ్‌కి నేనూ ఇదే తిప్పలు పడ్డాను.

కాజా టోల్‌గేట్ దాటాక బ్యాటరీ లైటు వెలిగింది. ఛార్జింగే కదా, ఇంటికెళ్ళి చూద్దాం అనుకునేలోపే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఇందులో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు తిప్పే వాటర్ పంపునీ నడిపేది ఒకటే, ఈ ఫ్యాన్ బెల్టే. అది తెగితే బండి అక్కడే ఆపేయాలి.

విజయవాడ ఆటోనగర్‌లో "ఎస్టీమ్‌ బెల్ట్" అని అడిగితే మూడు షాపుల్లో లేదన్నారు. నాలుగో షాపులో పెద్దాయన "బండి సంగతి తర్వాత బాబూ, పాత బెల్ట్ ఏదీ?" అన్నారు. తడిగుడ్డతో దాని వీపు తుడిచి, వెలుతురుకి వంచి చూశారు. పీకే అన్న అక్షరాలు కనిపించాయి, పొడవు అంకెలు చెరిగిపోయాయి. 4పీకే 850 అని ఉంటే బెల్ట్ లోపలివైపు పొడవునా నాలుగు గట్లు, 850 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. ఆ నంబర్ కలిస్తే ఏ కంపెనీదైనా, ఏ కారు పేరుతో అమ్మినా పనిచేస్తుంది.

అంకెలు లేకపోతే పాత బెల్ట్‌ని కొలవకండి, అరిగి, సాగి ఉండొచ్చు. సాగని దారం పుల్లీల (బెల్ట్ తిరిగే చక్రాల) చుట్టూ తిప్పి, ఆల్టర్నేటర్‌ని లోపలికి తోసి ఒకసారి, బయటికి లాగి ఒకసారి కొలవండి. రెండింటి మధ్య, చిన్న కొలతకి దగ్గరగా ఉన్న సైజు తీసుకోండి. నేను అలాగే తెచ్చాను, సరిగ్గా కూర్చుంది.

కొనేముందు బెల్ట్‌ని వెనక్కి వంచి చూడండి. ఏళ్ళ తరబడి కొక్కేనికి వేలాడినదైతే గట్ల మీద సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. మా బండిలో ఏసీ బెల్ట్ తీస్తేగానీ లోపలిది రాదు, అందుకే రెండూ ఒకేసారి మార్పించాను. మీరూ అలాగే చేయండి. పుల్లీలని చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే బేరింగ్ కూడా మార్చాలి.

బిగించాక మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపే దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. వంద, రెండొందల కిలోమీటర్లు తిరిగాక టైట్ మళ్ళీ చూడండి.

ఇంజిన్ వాల్వులని సమయానికి తెరిపించే పళ్ళ బెల్ట్, అంటే టైమింగ్ బెల్ట్‌కి మాత్రం ఈ దారం లెక్క వాడకండి. దాని పళ్ళ సంఖ్య, ఆకారం రెండూ కలవాలి, పార్ట్ నంబర్ చూసే కొనాలి.