కబ్బాలాలో దైవానికి స్త్రీ కోణం ఉందంటారు కదా, యూదు స్త్రీల సమాన హక్కులు అక్కడి నుంచే వచ్చాయా?

లేదు, ఆ హక్కులు చట్టాలు, కోర్టు కేసులు, ఉద్యమాల వల్ల వచ్చాయి. యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలా ప్రకారం దైవశక్తి పది సెఫిరోత్‌లుగా, అంటే పది దైవ గుణాలుగా, వ్యక్తమవుతుంది. చివరిదైన మల్ఖూత్, అంటే షెఖీనా, స్త్రీ స్వభావం. పురుష స్వభావమున్న తిఫెరెత్‌తో అది కలిస్తేనే లోకం సమతూకంలో ఉంటుందట. అయితే ఇదంతా దైవం లోపలి సంగతి. ఇంట్లో, ఊళ్లో ఎవరి మాట చెల్లాలో ఇది చెప్పదు. పైగా శతాబ్దాల పాటు ఈ విద్య చదివిందీ, నేర్పిందీ దాదాపు మగవాళ్లే.

ఇజ్రాయెల్‌నే చూడండి. 1948 స్వాతంత్ర్య ప్రకటన లింగభేదం లేని సమానత్వాన్ని ప్రకటించింది. 1951లో స్త్రీల సమాన హక్కుల చట్టం వచ్చింది. కానీ పెళ్లి, విడాకులు మత న్యాయస్థానాల చేతిలోనే ఉండిపోయాయి, భర్త ‘గెట్’ అనే విడాకుల పత్రం ఇవ్వకపోతే భార్యకు విముక్తి లేదు. యూదులకు పవిత్రమైన జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర తాలిత్ (ప్రార్థనా శాలువా) కప్పుకుని, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదివి ప్రార్థించే హక్కు కోసం స్త్రీల బృందం 1988లో పోరాటం మొదలుపెట్టింది. తాలిత్‌తో ప్రార్థించడం నేరం కాదని జిల్లా కోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది.

చాలామంది షెఖీనాను పార్వతీదేవిలా విడిగా పూజలందుకునే దేవత అనుకుంటారు. కబ్బాలా దృష్టిలో ఆమె ఒకే దైవానికి ఒక ముఖం మాత్రమే.