అమెరికా కార్ల రేసు నాస్‌కార్‌లో పిట్ స్టాప్‌లో (టైర్లు, ఇంధనం కోసం రేసు మధ్యలో ఆగినప్పుడు) ఒక్కోసారి కుడివైపు టైర్లే ఎందుకు మారుస్తారు?

ఓవల్ (అండాకార) ట్రాక్‌పై మలుపులన్నీ ఎడమకే. దాంతో బరువు కుడి చక్రాల మీదికి ఒరిగి అవే ముందు అరుగుతాయి. ముందు కుడి టైరు అరిగితే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు తిరగదు, బయటి గోడవైపు జారిపోతుంది.

రెండే మారిస్తే కొన్ని సెకన్లు కలిసొస్తాయి. ట్యాంకు నిండా ఇంధనం పోయాల్సినప్పుడు ఆ లాభం తగ్గుతుంది, పోసేంతసేపూ ఎలాగూ ఆగాలి కదా. డార్లింగ్టన్ లాంటి గరుకు ట్రాక్‌లో నాలుగూ మార్చడమే మేలు.

నాస్‌కార్ అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్‌లో 2022 నుంచి చక్రానికి అయిదు నట్ల బదులు మధ్యలో ఒక్కటే. పని వేగమైంది గానీ, అది సరిగా బిగియకపోతే చక్రమే ఊడొస్తుంది. కారులో వణుకు తెలిసిన వెంటనే డ్రైవర్ మళ్లీ పిట్‌కు రావాల్సిందే.