ఏలూరు కాలువ మీద కవిత రాస్తున్న అమ్మడికి

విజయవాడ

చిరంజీవి అమ్మడికి,

నీ కవిత అందింది. పద్దెనిమిది పాదాల్లో తొమ్మిది "ఒకప్పుడు", తొమ్మిది "ఇప్పుడు". తక్కెడలా సరిగ్గా తూగింది, చిక్కంతా అక్కడే. రెండు పాదాలు చదవగానే మిగతాది చదివేవాడే పూర్తి చేసేసుకుంటాడు. పాత కాలువకి పదమూడు పాదాలిచ్చి, ఇప్పటిదాన్ని అయిదింటిలో తేల్చెయ్.

ముందు క్రియలు చూసుకో. "వచ్చేవి", "ఉండేవి", "పాడేవాళ్ళు" అంటూ వరసగా ముగిస్తే ఏడుపు రాగం పడుతుంది. ఆ రూపం రోజూ జరిగేదాన్ని చెబుతుంది కాబట్టి ఏ ఒక్క రోజూ కళ్ళకి కట్టదు. ఒకటి ఉంచి, తక్కినవి ఒక్క పూటకి మార్చు: "పడవ ఆగింది. కళాసీ బస్తా దించాడు."

"కళకళలాడే", "మూగబోయిన", "కన్నీరు పెట్టే" మూడూ కొట్టెయ్. బదులుగా రెండు కాలాలూ తగిలిన వస్తువునొకదాన్ని పట్టుకో. ఇలా:

రేవు మెట్టు రాతిలో తాడు కోసిన గాడి.
నా వేలు అందులో సరిగ్గా పట్టింది.
అడుగున షాంపూ పొట్లం మూల.

రాతిని తాడు అంత లోతుగా కొయ్యాలంటే ఎన్నేళ్ళు పట్టిందో చదివినవాళ్ళే లెక్క వేసుకుంటారు. నువ్వు చెప్పక్కర్లేదు.

మాటల్లోనూ ఇలాంటి గాళ్ళుంటాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి, అణాలు మెల్లగా పోయాయి. అయినా "పదహారణాల తెలుగు" అంటూనే ఉన్నాం. వస్తువు పోయి మాట మిగిలిన అలాంటి చోట్లు వెతుకు. అంతేగానీ పాత సగంలో "బెజవాడ", కొత్త సగంలో "విజయవాడ" అని పెట్టకు. కాగితం మీద ముచ్చటగానే ఉంది గానీ, ఇవాళ్టికీ జనం నోట బెజవాడ ఆడుతూనే ఉందిగా!

తాతయ్యని 1950లో ప్రకాశం బ్యారేజీ మీద నడిపించావు. బ్యారేజీ వచ్చింది 1957లో. అంతకుముందున్నది 1855 నాటి ఆనకట్ట, 1952లో దానికి గండి పడింది. ఊళ్ళోవాళ్ళు నవ్వేది ఇలాంటి చోటే. నన్నడిగితే తాతయ్యని నడిపించడం మానేసి, ఆ గండి ఎదుట నిలబెట్టు.

ఇంకో దారీ ఉంది, కాస్త కష్టం. పాత అచ్చులో కొత్త మనిషిని కూర్చోబెట్టడం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. మన గుంటూరు జిల్లా జాషువా 1941లో అదే అచ్చులో గబ్బిలాన్ని పంపాడు. పంపినవాడికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఆ ఎంపికలోనే అంతా ఉంది చూడు. ఇది నీ తరవాతి కవితకి దాచుకో, దీనికి అతకదు.

"ఓ కాలమా, ఎటు పోతున్నావు" అన్న చివరి రెండు పాదాలు తీసెయ్. షాంపూ పొట్లం దగ్గరే ఆపు. మార్చిన ప్రతిని గట్టిగా ఒకసారి చదివి, ఊపిరి అందని పాదాన్ని రెండుగా విరిచి, ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న